లైసెన్సు బిల్లు వేరు, సర్వర్ బిల్లు వేరు

ప్రశ్న: మా వ్యాపారంలో పన్నెండు మందిమి. అకౌంట్స్, స్టాక్, బిల్లింగ్ అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెద్దామనుకుంటున్నాం. ఒకరు సబ్‌స్క్రిప్షన్ లైసెన్సు తీసుకోమంటున్నారు, ఇంకొకరు క్లౌడ్ హోస్టింగే చవక అంటున్నారు. ఏది మేలంటారు?

జవాబు: వాళ్లిద్దరూ మీకు చెబుతున్నది ఒకే వస్తువు ధర కాదండీ. లైసెన్సంటే సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు, హోస్టింగంటే అది నడిచే సర్వర్‌కు కట్టే అద్దె. ఒకసారి డబ్బు కట్టి కొనేసిన లైసెన్సును క్లౌడ్ సర్వర్‌లో పెట్టుకోవచ్చు, సబ్‌స్క్రిప్షన్ మీద తీసుకున్నదాన్ని, కంపెనీ ఒప్పుకుంటే, మీ ఆఫీసు సర్వర్‌లోనే నడుపుకోవచ్చు, లైసెన్సు, హోస్టింగ్ రెండూ కలిపి నెలవారీ బిల్లు వేస్తే దాన్ని సాస్ (SaaS, సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్) అంటారు. కాబట్టి హోస్టింగ్ చవక అన్నాయన్ని ‘ఇందులో లైసెన్సు ఉందా?’ అని అడగండి, సగం తికమక అక్కడే తీరుతుంది.

ఇక లెక్క. కొనే లైసెన్సు ధర 100 అనుకుందాం, దాని మీద ఏటా సపోర్ట్‌కు 20 (మామూలుగా 18 నుంచి 22 శాతం దాకా అడుగుతారు). అదే సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి 40 అనుకోండి. మూడేళ్లకు కొన్నది 160, సబ్‌స్క్రిప్షన్ 120. ఐదేళ్లకు రెండూ 200. ఏడేళ్లకు 240, 280. అంటే అయిదేళ్లు దాటి అదే సాఫ్ట్‌వేర్ వాడతామన్న నమ్మకం ఉంటేనే కొనడం గిట్టుబాటు, అదీ సర్వర్, బ్యాకప్ ఖర్చు కలపకముందు మాట. పైగా లైసెన్సు శాశ్వతమైనా సపోర్ట్ శాశ్వతం కాదు: ఎస్‌ఏపీ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీయే తన పాత ప్యాకేజీ బిజినెస్ సూట్ 7కు మామూలు సపోర్ట్ 2027 చివరిదాకానే అని చెప్పేసింది.



సర్వర్ చూసుకునే మనిషి మీ దగ్గర లేకపోతే హోస్టింగ్ కలిసిన సబ్‌స్క్రిప్షనే తీసుకోండి, అప్పు చేసి లైసెన్సు కొనొద్దు. కానీ అసలు టెన్షన్ రెన్యువల్ అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే అప్పటికి మీ డేటా అంతా వాళ్ల దగ్గరే ఉంటుంది, రేటు పెంచితే బేరమాడే బలం మీకుండదు. అందుకే ఏటా ఎంత శాతం మించి పెంచకూడదో, మనుషులు తగ్గితే యూజర్ల సంఖ్య ఎప్పుడు తగ్గించుకోవచ్చో, మానేస్తే డేటా ఏ ఫార్మాట్‌లో ఎన్ని రోజుల్లో ఇస్తారో సంతకానికి ముందే ఒప్పందంలో రాయించుకోండి. మూడేళ్లది ఒకేసారి కడితే తగ్గింపు అంటారు, మొదటి ఏడాది మాత్రం దానికి ఒప్పుకోకండి.