ఆర్53 మినీ కూపర్ ఎస్‌కి టర్బో పెట్టాక వేడెక్కుతోందా? ముందు వాటర్ పంప్ చూడండి

మీ ఆర్53లో (సూపర్‌చార్జర్‌తో వచ్చిన పాత మినీ కూపర్ ఎస్) సూపర్‌చార్జర్ (బెల్ట్‌తో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) తీసి టర్బో (ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతూ అదే పని చేసేది) బిగించాక పది నిమిషాల్లోనే టెంపరేచర్ ముల్లు పైకి పోతోందని, ఏం చేయాలని అడిగారు. దయచేసి ఇక ఇంజిన్ స్టార్ట్ చేయకండి, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోతుంది. ఈ ఇంజిన్‌లో వాటర్ పంప్‌ను తిప్పేది ఈటన్ ఎం45 సూపర్‌చార్జరే, దాని వెనుక చివరన ఉన్న గేర్లతో. అది తీసేస్తే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కదలదు. రేడియేటర్, థర్మోస్టాట్ మార్చినా లాభం లేదు.

నిమిషానికి 80 లీటర్ల స్థాయి ఎలక్ట్రిక్ పంప్, దాని కంట్రోలర్ పెట్టండి. రిలే, ఫ్యూజ్ విడిగా ఉండాలి. ఇంజిన్ ఆపాక రెండు నిమిషాలు పంప్ తిరిగేలా సెట్ చేస్తే టర్బో బేరింగ్‌కూ మేలు. కూలెంట్‌లోని గాలి బుడగలు పూర్తిగా తీయండి. సూపర్‌చార్జర్ పుల్లీ ఉన్నచోట ఐడ్లర్ పుల్లీ (బెల్ట్‌కు దారి చూపే ఉత్త చక్రం) వేసి, బెల్ట్ పొడవు మళ్లీ కొలవండి.

టర్బో ఆయిల్ డ్రెయిన్ (టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే పైపు) ఎక్కడా పైకి వంగకుండా, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఆయిల్ మట్టానికి పైనే చేరాలి. లేకపోతే నీలం పొగ తప్పదు.

పాత ట్యూన్‌తో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌లతో) మాత్రం బూస్ట్ (ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఇవ్వకండి. సూపర్‌చార్జర్ బూస్ట్ ఆర్‌పీఎంతో పాటు మెల్లగా పెరుగుతుంది, టర్బోది మధ్య ఆర్‌పీఎంలోనే ఎగబాకుతుంది. అక్కడ పాత ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) ఉంటే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లు పగులుతాయి.