లింకన్లు కడిగినవాళ్లనూ అడుగు

చి. మానసకు అత్త ఆశీస్సులు.

అడిలైడ్‌లో నీ థీసిస్ సంగతి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. అణు పరీక్షల మేఘాల్లోకి వెళ్లొచ్చిన ఎయిర్‌ఫోర్స్ వాళ్లతో, వాళ్ల ఇళ్లవాళ్లతో మాట్లాడతావట. ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

రికార్డర్ ఛార్జ్ చేసుకో, ముందే సంతకం తీసుకో, తొంభై దాటినవాళ్లను ఎక్కువసేపు కూర్చోబెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా బెంగంతా లింకన్ విమానాల గురించి. 1953 అక్టోబర్ 15న దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ఈము ఫీల్డ్‌లో బ్రిటన్ వాళ్లు టోటెమ్-1 అనే అణుబాంబు పేల్చారు. బ్రిటిష్ కాన్‌బెర్రా విమానం ఒకటి కేబిన్ సీల్ చేసుకుని, రేడియేషన్ మీటర్లు పెట్టుకుని, కొద్ది నిమిషాల్లోనే మేఘంలోకి దూరింది. అదే మేఘం శాంపిళ్ల కోసం ఆస్ట్రేలియా లింకన్లనూ పంపారు. బయటి గాలి లోపలికి వచ్చే పాత బాంబర్లవి. ఆ కుర్రాళ్ల ఒంటి మీద, తగిలిన రేడియేషన్‌ను కొలిచే ఫిల్మ్ బ్యాడ్జ్ కూడా లేదు. విమానాలు రేడియోధార్మిక ధూళి పట్టుకుని తిరిగొచ్చాయి. 1984-85లో ఆ పరీక్షలపై విచారణకు ఆస్ట్రేలియా వేసిన మెక్‌లెలాండ్ రాయల్ కమిషన్ ముందుకు ఇదంతా వచ్చింది. బ్యాడ్జే లేనప్పుడు రేడియేషన్ డోస్ ఎవరు కొలిచినట్టు? తర్వాత కట్టేవన్నీ అంచనాలే. ఫైల్లో ఖాళీ గడి కనిపిస్తే దాన్ని సున్నా అని చదవకమ్మా.

మా ఎక్స్‌రే డిపార్ట్‌మెంట్‌లో ఒక టెక్నీషియన్ ఉండేవాడు. రేడియేషన్ కొలవడానికి మాకిచ్చే టీఎల్‌డీ బ్యాడ్జ్‌ని డ్యూటీ రూమ్‌లో మేకుకు తగిలించి లోపలికి వెళ్లేవాడు. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులో ఏ దోషమూ ఉండేది కాదు. చక్కగా పాడే పిల్లాడు, నవ్వితే కళ్లు మూసుకుపోయేవి. అతని రిపోర్ట్ చూసినప్పుడల్లా నాకు కోపం వచ్చేది. అయినా బ్యాడ్జ్ పెట్టుకున్నా అది బయటి నుంచి తగిలేదాన్నే చెబుతుంది, పీల్చిన ధూళిని చెప్పదు.

అందుకే అడుగు: ముక్కుకు మాస్క్ ఉందా? దిగాక ఏం తిన్నారు, స్నానం ఎప్పుడు చేశారు? ఆ బట్టలు ఎవరు ఉతికారు?

నీ లిస్టులో అందరూ విమానంలో ఎగిరినవాళ్లేనట. అదేం చదువే? క్వీన్స్‌లాండ్‌లోని ఆంబర్లీ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఆ లింకన్లను కడిగినవాళ్లు మనుషులు కారా? వాళ్లనూ చేర్చు.

"మీ క్యాన్సర్ దానివల్లే" అని ఎవరితోనూ అనకు, ఒక్క మనిషి జబ్బు చూసి అలా తేల్చలేం. కాదని కూడా అనకు. వింటూ నీకు ఏడుపొస్తే ఏడువు, తప్పేం లేదు. తిండి మానేసి మాత్రం తిరగకు తల్లీ.

ప్రశ్నలు రాశాక నాకు పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను.

మీ అత్త