గాయపడ్డవాళ్లను కథలోంచి పంపించేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

కొలంబస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2014 సీజన్‌లో దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లను ఇద్దరిని గాయాలకు పోగొట్టుకుని, మూడోవాడితో జాతీయ ఛాంపియన్ అయిన కథ. అక్కడ చదువుకుంటూ, ఆ స్టేడియం పక్క నుంచే క్లాసులకు వెళ్తూ, ఇది మనవాళ్లకు తెలుగులో చెప్పాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. నీ వాక్యంలో పరుగు ఉంది. చదివించే గుణం ఉంది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

బ్రాక్స్‌టన్ మిల్లర్ నీ మొదటి పేరాలో గాయపడ్డాడు. జె.టి. బారెట్ రెండో పేరాలో గాయపడ్డాడు. మూడో పేరా నుంచి ఇద్దరి ఊసే లేదు. కార్డేల్ జోన్స్ వచ్చాడు, గెలిపించాడు, కప్పు ఎత్తారు. కథకు ఊపు తెప్పించడానికి గాయాలను వాడుకుని, పని అయ్యాక వదిలేశావు. పైగా ‘పట్టుదల ముందు గాయాలు తలవంచాయి’ అని రాశావు. ఆ వాక్యం కొట్టేయమ్మా. బారెట్ ఎముక ఎవరి పట్టుదలకూ తలవంచలేదు. అతను ఆ సీజన్‌లో మళ్లీ మైదానంలోకి దిగలేదు.

గాయాల మధ్య గెలిచిన జట్టు గురించి రాసేటప్పుడు ప్రతి గాయం దగ్గరా ఆగి ఒక్కటే అడగాలి: దీనివల్ల ఎవరి పని మారింది? ఆ పని వాళ్లు ఎలా చేశారు? గెలుపు ఎలా వచ్చిందో దీనికి జవాబు వెతికితేనే దొరుకుతుంది.

ముందు ఆగస్టుకు వెళ్లు. సీజన్ ఇంకా మొదలే కాలేదు. మిల్లర్‌కు అంతకుముందే భుజానికి ఆపరేషన్ అయింది. ప్రాక్టీసులో బంతి విసురుతుండగా అదే భుజం మళ్లీ దెబ్బతింది, సీజన్ మొత్తం పోయింది. బరువంతా బారెట్ మీద పడింది. అతను అప్పటికి కాలేజీ స్థాయిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడినవాడు కాదు. సెప్టెంబర్ 6న సొంత మైదానంలో వర్జీనియా టెక్ చేతిలో 35-21తో ఓడిపోయారు. ఆ రోజు బారెట్ 29 సార్లు బంతి విసిరితే 9 మాత్రమే తనవాళ్లకు చేరాయి. 3 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. 7 సార్లు అతన్ని బంతితో సహా నేలకేసి పడగొట్టారు.

ఈ ఓటమిని నువ్వు ‘చిన్న తడబాటు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నా దృష్టిలో కథ మొదలయ్యేదే అక్కడ. 7 సార్లు పడిపోవడం ఆ కుర్రాడి ఒక్కడి తప్పు కాదు. క్వార్టర్‌బ్యాక్‌కు ముందు నిలబడి కాపు కాసేవాళ్లు ఐదుగురు లైన్‌మెన్. ఆ ఏడాది వాళ్లలో నలుగురు ఆ స్థానాలకు కొత్త. ముందు సీజన్ నుంచి మిగిలినవాడు టేలర్ డెకర్ ఒక్కడే. ఆ నలుగురి తడబాటుకు దెబ్బలు తిన్నది బారెట్. డిసెంబర్ వచ్చేసరికి ఈ ఐదుగురూ కుదురుకున్నారు. బంతి పట్టుకుని పరిగెత్తే ఎజీకియల్ ఎలియట్ చివరి మూడు మ్యాచ్‌ల్లో 220, 230, 246 యార్డులు పరిగెత్తాడంటే ముందు దారి చేసిపెట్టినది వాళ్లే. నీ వ్యాసంలో ఆ మూడు అంకెలూ ఉన్నాయి, దారి చేసినవాళ్లు మాత్రం లేరు. జోన్స్ వచ్చి నిలదొక్కుకున్నాడంటే, అతని ముందున్న లైన్ సెప్టెంబర్‌లో బారెట్‌ ముందున్న లైన్ కాదు. ఈ సంగతి చెప్పకపోతే బారెట్‌కు అన్యాయం చేసినట్టు, జోన్స్‌ను మాయలమరాఠీని చేసినట్టు.

ఎలియట్ ఎడమ మణికట్టు కూడా ఆ ఆగస్టులోనే విరిగింది. ఆపరేషన్ చేయించుకుని సీజనంతా ఆడాడు. నీ గాయాల లెక్కలో అది లేదు. పక్కకు తప్పుకున్నవాడి గాయం వార్త అవుతుంది, ఆడుతూనే ఉన్నవాడి గాయం ఎవరికీ కనపడదు. రాసేవాళ్లకైనా కనపడాలి.

నవంబర్ 29 నాటి మిషిగన్ మ్యాచ్ దగ్గర కాసేపు నిలబడు. 1897 నుంచి సాగుతున్న పోటీ అది. మీ ఊళ్లో ఆ వారం ఎలా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. నాలుగో క్వార్టర్ మొదటి ఆటలో బారెట్ బంతితో పరిగెత్తి పడ్డాడు, కుడి చీలమండ విరిగింది. ఒహాయో స్టేట్ అప్పటికి 28-21తో ముందుంది. డాక్టర్లు చుట్టూ చేరారు. అప్పుడు మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ డెవిన్ గార్డ్‌నర్ అవతలి వైపు నుంచి మైదానంలోకి వచ్చి, కిందకు వంగి, బారెట్‌తో మాట్లాడి ధైర్యం చెప్పాడు. మ్యాచ్ ఇంకా తేలలేదు, అతని జట్టు ఒక్క టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం) దూరంలోనే ఉంది. సరిగ్గా ఏడాది ముందు ఇదే పోటీలో గార్డ్‌నర్ పాదానికి దెబ్బ తగిలినా ఆడి, 42-41తో ఓడిపోయాడు. నేలమీద పడి ఉన్నవాడి నొప్పి ఎలాంటిదో ఆ లక్షమందిలో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో ‘క్రీడాస్ఫూర్తి’ అని ముగించావు. ఆ మాట తీసేసి, గార్డ్‌నర్ చేసింది చేసినట్టు రాయి. ముందు ఏడాది స్కోరు కూడా రాయి. క్రీడాస్ఫూర్తి అని నువ్వు చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి విస్కాన్సిన్‌తో ఫైనల్‌కు సరిగ్గా వారం. కాన్ఫరెన్స్ (ఒక లీగ్‌లా ఆడే యూనివర్సిటీల కూటమి) టైటిల్ మ్యాచ్, వేదిక ఇండియానాపొలిస్. జోన్స్‌కు కాలేజీ ఆటలో మొదటి నుంచీ ఆడబోయే తొలి మ్యాచ్ అదే. మామూలుగా ప్రాక్టీసులో ఎక్కువ భాగం మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే వెళ్తుంది, మూడోవాడికి మిగిలేది అరకొర. అలాంటివాడు వారం రోజుల్లో జట్టంతటి టైమింగ్‌తో కలవాలి. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, బంతిని చాలా దూరం విసరగల చెయ్యి. కోచ్ అర్బన్ మేయర్, ఆయన సహాయకుడు టామ్ హెర్మన్ ఆ చెయ్యిని నమ్ముకుని ఆడించారు. 17 విసిరితే 12 చేరాయి, 257 యార్డులు, 3 టచ్‌డౌన్‌లు, మూడూ డెవిన్ స్మిత్‌కే. స్కోరు 59-0.

ఆ 59 గురించి నువ్వు ఆరు వాక్యాలు రాశావు. సున్నా గురించి ఒక్కటైనా రాయి. విస్కాన్సిన్ వైపు మెల్విన్ గోర్డన్ ఉన్నాడు, ఆ సీజన్ మొత్తంలో 2,500 యార్డులు దాటి పరిగెత్తినవాడు. అతన్ని ఆ రాత్రి 76 యార్డులకే కట్టేశారు. క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా డిఫెన్స్ తన పని తాను చేసింది. కొత్త కుర్రాడికి తప్పు చేసినా ఫర్వాలేదనే వెసులుబాటు వాళ్లే ఇచ్చారు.

అంత పెద్ద తేడా ఎందుకు అవసరమైందో కూడా పాఠకుడికి తెలియాలి. జాతీయ ఛాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్ మొదలైంది ఆ ఏడాదే. ఎవరిని తీసుకోవాలో ఒక కమిటీ తేలుస్తుంది. అంతకుముందు ఐదో స్థానంలో ఉన్న ఒహాయో స్టేట్‌ను నాలుగుకు తెచ్చారు, మూడులో ఉన్న టి.సి.యు. (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) ఆరుకు పడిపోయింది. దీని పక్కన 2023 నాటి ఫ్లోరిడా స్టేట్‌ను పెట్టి చూడు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు నవంబర్‌లో విరిగింది. వాళ్లూ మూడోవాడితోనే కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడారు, 16-6తో గెలిచారు. సీజన్‌లో 13 ఆడి 13 గెలిచారు. అయినా కమిటీ ఐదో స్థానం ఇచ్చి బయట నిలబెట్టింది, ట్రావిస్ లేకపోవడమే కారణమంది. నాకు ఇప్పటికీ అది మింగుడుపడదు. ఆడి గెలిచినవాళ్లకు ఆడే అవకాశం ఇవ్వకపోవడం ఏ లెక్కనా న్యాయం కాదు. ఒకే రకం కష్టం, ఒకే రకం పరీక్ష, రెండు ఫలితాలు. పట్టుదల ఉంటే చాలని రాసేముందు ఫ్లోరిడా స్టేట్ కుర్రాళ్లను తలుచుకో.

మన దగ్గర కూడా చూడు. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్‌లో, ఇండోర్‌లో, మధ్యప్రదేశ్ మీద హనుమ విహారి ఆడింది నీకు గుర్తుండాలి. బౌన్సర్ తగిలి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి బ్యాటర్ అయ్యుండీ, విరిగిన చెయ్యి బంతికి ఎదురుగా ఉండకూడదని ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఒంటిచేత్తో బ్యాటు పట్టాడు. ఆంధ్ర 5 వికెట్ల తేడాతో ఓడిపోయింది. గుండె ధైర్యం ఉంటే గెలుపు అదే వస్తుందని రాస్తే, ఇండోర్‌లో ఓడినవాళ్లకు ధైర్యం చాల్లేదని రాసినట్టే అవుతుంది. తెలుగు పాఠకుడికి నీ కథలో ఈ ఉదాహరణ చటుక్కున తగులుతుంది, వాడుకో.

కోస్టా కారజార్జ్ పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. తెలియక వదిలేశావో, గెలుపు కథలో ఎందుకులే అనుకున్నావో. ఆ జట్టులోని కుర్రాడే. మిషిగన్ మ్యాచ్‌కు మూడు రోజుల ముందు కనపడకుండా పోయాడు. మ్యాచ్ మర్నాడు కొలంబస్‌లోనే శవమై దొరికాడు. తలకు తగిలిన దెబ్బల వల్ల ఇబ్బంది పడుతున్నాడని కుటుంబం చెప్పింది. బారెట్ కాలు విరిగింది, స్నేహితుడు పోయాడు, వారంలో ఫైనల్. ఆ వారం అలాంటిది. విస్కాన్సిన్ మ్యాచ్‌కు డిఫెన్స్ ఆటగాడు మైకేల్ బెనెట్ తన నంబర్ వదిలి కారజార్జ్ నంబర్ 53 వేసుకుని దిగాడు. ఇది రాయాలి. కానీ చాలా జాగ్రత్తగా రాయాలి. తెలిసింది మాత్రమే రాయి. ‘ఈ దెబ్బ వల్లే ఇలా జరిగింది’ అని నువ్వు ముడిపెట్టకు, అతని మరణాన్ని జట్టు గెలుపుకు ప్రేరణగా అసలే చూపించకు. తల్లిదండ్రులు చదివితే ఎలా ఉంటుందో అన్న ఆలోచనతో ప్రతి మాటా చూసుకో.

ఇంకో వాక్యం తప్పకుండా చేర్చు. అప్పట్లో ఈ కుర్రాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప జీతం లేదు. తమ పేరు మీద, ఫొటో మీద డబ్బు తీసుకునే వీలు 2021 జూలైలో గానీ రాలేదు. భుజాలూ చీలమండలూ పోగొట్టుకున్నది పంతొమ్మిది, ఇరవయ్యొక్క ఏళ్ల విద్యార్థులని పాఠకుడికి తెలిస్తే, ఆ స్కోర్లను ఇంకోలా చదువుతాడు.

ప్లేఆఫ్ రెండు మ్యాచ్‌లనూ నువ్వు బాగానే రాశావు. జనవరి 1న న్యూ ఆర్లీన్స్‌లో అలబామా మీద 21-6తో వెనకబడి 42-35తో గట్టెక్కడం, జనవరి 12న టెక్సాస్‌లోని ఆర్లింగ్‌టన్‌లో ఆరెగన్ మీద 42-20. వాటిలో పెద్దగా మార్చేదేమీ లేదు. ఒక్కటి చేర్చు. ఆరెగన్ కూడా దెబ్బలతోనే వచ్చింది. వాళ్ల మేటి డిఫెండర్ ఇఫో ఎక్‌ప్రే-ఒలోముకు డిసెంబర్ ప్రాక్టీసులో మోకాలు పోయింది. బంతి అందుకునే ఆటగాడు డెవాన్ అలెన్‌కు సెమీఫైనల్ మొదటి కిక్‌లోనే మోకాలికి దెబ్బ. గాయాలు ఒక వైపే ఉన్నట్టు రాస్తే కథ బలంగా కనిపిస్తుంది కానీ నిజం సగమే అవుతుంది. ఇది రాసినా ఒహాయో స్టేట్ గెలుపు విలువ వీసమెత్తు తగ్గదు. ఆ మ్యాచ్‌లో నాలుగుసార్లు బంతి పోగొట్టుకుని కూడా 22 పాయింట్ల తేడాతో గెలిచిన జట్టు అది.

ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చాం, క్లాసులెందుకు అని జోన్స్ చదువు గురించి చేసిన ఆ పాత ట్వీట్‌ను నువ్వు నవ్వు కోసం పెట్టావు. పెట్టాలనుకుంటే మిగతా సగం కూడా పెట్టు. టైటిల్ గెలిచిన వారంలోనే, ప్రొఫెషనల్ లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.కు వెళ్లడం లేదు, కాలేజీలోనే ఉంటానని ప్రకటించాడు. 2017లో డిగ్రీ పట్టా తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల వయసులో అన్న మాటను ఒక మనిషికి జీవితాంతం అంటగట్టడం నాకు నచ్చదు.

ఆట తెలియని పాఠకుడి కోసం నువ్వు మొదట్లో రెండు పేరాల నియమాలు రాశావు. అంత అక్కర్లేదు. నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు పోవాలి, పోకపోతే బంతి అవతలివాళ్లది. బంతి ఎవరికి ఇవ్వాలో, ఎక్కడికి విసరాలో క్షణాల్లో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. మిగతాది వర్జీనియా టెక్ మ్యాచ్ చెప్తున్నప్పుడే అర్థమవుతుంది.

మీ యూనివర్సిటీలో ఆటగాళ్లకు కట్లు కట్టే, కోలుకునేవాళ్లతో కసరత్తు చేయించే ట్రైనర్లు ఉంటారు. ఎవరి పేరూ అడక్కుండా, విరిగిన చీలమండతో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడి రోజు ఎలా గడుస్తుందో వాళ్లను అడుగు. పొద్దున లేచి బాత్‌రూమ్‌కు ఎలా వెళ్తాడు, క్లాసుకు ఎలా వెళ్తాడు, జట్టు మీటింగులో ఎక్కడ కూర్చుంటాడు. నీ వ్యాసానికి కావాల్సిన పేరా ఆ మాటల్లో దొరుకుతుంది.

కప్పు ఎత్తడంతో ఆపకు, తర్వాతి సీజన్‌ కూడా చెప్పు. మిల్లర్ తిరిగొచ్చాడు, క్వార్టర్‌బ్యాక్‌గా కాదు, బంతి అందుకునే రిసీవర్‌గా. 2015 మొదటి మ్యాచ్ మళ్లీ వర్జీనియా టెక్‌తోనే. అందులో అతను టచ్‌డౌన్ చేశాడు, 42-24తో గెలిచారు. బారెట్ కూడా కోలుకుని వచ్చాడు. సీజన్ మొదట్లో జోన్స్‌నే ఆడించారు, మధ్యలో ఆ స్థానం మళ్లీ బారెట్‌కు వెళ్లింది. ఛాంపియన్‌ను చేసినవాడు బెంచీ మీద కూర్చున్నాడు. ముగ్గురిలో ఎవరి కథా జనవరి 12న అయిపోలేదు.

ఈ మార్పులన్నీ చేస్తే వ్యాసం నిడివి పెరుగుతుంది, పెరగనీ. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక తీరిగ్గా కూర్చుని తిరగరాసి పంపు. ఆటగాళ్ల పేర్లు తెలుగులో ఒక్కోచోట ఒక్కోలా పడ్డాయి, అవి కూడా సరిచూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు