డిష్‌వాషర్ అడుగున నీళ్లు నిలిచిపోతుంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా డిష్‌వాషర్ కొని 11 ఏళ్లు దాటింది, ఇన్నాళ్లూ ఏ గొడవా పెట్టలేదు. ఒక నెల నుంచి మాత్రం సైకిల్ అయిపోయాక తలుపు తీస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, పైన జిడ్డు తెట్టు, ఒకటే కంపు. మగ్గుతో తోడి పోసుకుంటున్నా. ఫిల్టర్ తీసి శుభ్రంగా కడిగితే ఒక రెండుసార్లు నీళ్లు బాగానే పోయాయి, తర్వాత మళ్లీ మామూలే. నీళ్లు తోడే టైంలో గుయ్‌మని సౌండ్ వస్తుంది కానీ నీళ్లు కదలవు. మెకానిక్ వచ్చి తలుపు తీసి తొంగిచూసి, పంపు పోయింది, పాత మోడల్‌కి పార్టులు దొరకవు, కొత్తది కొనుక్కోండి అని రెండు నిమిషాల్లో తేల్చేసి వెళ్లిపోయాడు. నిజంగా పంపే పోయిందంటారా? నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: మీరు రాసినదాంట్లో అసలు ముక్క ఒకటుందండి, ఫిల్టర్ కడిగాక రెండుసార్లు నీళ్లు బాగానే పోయాయి అన్నారు చూడండి, అదీ. కాలిపోయిన పంపు ఫిల్టర్ కడిగితే లేచి కూర్చోదు కదా. పైగా గుయ్‌మంటోంది అంటున్నారు, అంటే దానికి కరెంటు అందుతోంది, లోపల కాయిల్ బతికే ఉంది. తిరగలేకపోతోందో, తిరిగినా నీళ్లు పోయే దారి లేదో, ఈ రెంట్లో ఏదో తెలియాలి. మెకానిక్ ఆ పని చెయ్యకుండానే తీర్పు చెప్పేశాడు. నేనైతే మెషిన్‌లో ఒక్క స్క్రూ కూడా విప్పకముందు తప్పు మెషిన్‌దా, సింకు కింద పైపుదా అన్నది తేల్చుకుంటా, దానికి ఒక బకెట్, ఒక స్టూలు చాలు.

ఎలాగంటే, ముందు ప్లగ్ తీసెయ్యండి, నీళ్ల ట్యాప్ కట్టెయ్యండి. సింకు కింద మెషిన్ నుంచి వచ్చే ముడతల పైపు, అదే డ్రెయిన్ పైపు, సింకు ట్రాప్‌కి, అంటే సింకు కిందున్న వంపు పైపుకి, పక్కనున్న చిన్న ముక్కుకి తగిలించి క్లాంపుతో బిగించి ఉంటుంది. క్లాంపు లూజ్ చేసి ఆ చివర బయటికి లాగండి, లాగగానే కాస్త మురికి నీళ్లు కారతాయి, కింద పాత గుడ్డ వేసుకోండి. ఇప్పుడు ఆ చివర బకెట్‌లో పెట్టి ప్లగ్ పెట్టి నీళ్లు తోడించాలి. చాలా మెషిన్లలో స్టార్ట్ బటన్‌ని ఒక 3 సెకన్లు అలాగే నొక్కి పట్టుకుంటే ప్రోగ్రాం క్యాన్సిల్ అయి పంపు నీళ్లు తోడేస్తుంది, గుండ్రంగా తిప్పే నాబ్ ఉన్న పాత రకమైతే డ్రెయిన్ గుర్తు దగ్గరికి తిప్పితే సరి. లోపల నిలిచేది మామూలుగా 3 నుంచి 5 లీటర్లు ఉంటుంది కాబట్టి 10 లీటర్ల బకెట్ చాలు.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేసేది, బకెట్‌ని నేల మీద పెట్టేస్తారు. పైపు చివర మెషిన్ అడుగు కంటే కిందికి వస్తే నీళ్లు ఒకసారి కదిలాక పంపుతో పని లేకుండా వాటంతట అవే జారిపోతాయి, చూసి పంపు బ్రహ్మాండంగా ఉందనుకుంటారు. అందుకే బకెట్‌ని స్టూలు మీద పెట్టి పైపు చివరని మామూలుగా తగిలించి ఉండే ఎత్తులోనే పట్టుకోండి. నీళ్లు బలంగా చిమ్మినట్టు పడ్డాయంటే మెషిన్‌కి ఏ జబ్బూ లేదు, దోషం సింకు వైపుది. పిల్ల ధారగా కారినా, అసలు రాకపోయినా మెషిన్ వైపు చూడాలి.

సింకు వైపు అయితే అనుమానం మొదట ఆ చిన్న ముక్కు మీదే పెట్టుకోండి. మా ఇంట్లో ఇదే గొడవ వచ్చినప్పుడు నేనూ మొదట పంపునే తిట్టుకున్నా, తీరా పైపు ఊడదీసి టార్చి వేసి చూస్తే ఆ ముక్కు నిండా తెల్లగా కొవ్వొత్తి మైనంలా గడ్డకట్టిన జిడ్డు, దాని మధ్యలో పెన్సిల్ ములుకు పట్టేంత కంత, అంతే. ఆ కంతలోంచే ఇన్నాళ్లూ నీళ్లు వెళ్లాయన్నమాట. పాత టూత్‌బ్రష్ వెనక కాడతో పొడిస్తే బిరడాలాగా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. మెషిన్‌లోంచి జిడ్డు నీళ్లు వేడిగా బయల్దేరి ఈ ఇరుకు దగ్గరికి వచ్చేసరికి చల్లారతాయి, ఏళ్ల తరబడి పొర మీద పొర పేరుకుపోతుంది. ఇంకొకటి, సింకు కింద తిండి తుక్కు నూరే డిస్పోజర్ మెషిన్ ఉన్నవాళ్లకి, కొత్తగా బిగించినప్పుడు దాని ముక్కు లోపల ఒక ప్లాస్టిక్ బిళ్ల మూసే ఉంటుంది, బిగించేవాళ్లు దాన్ని పగలగొట్టి తియ్యడం మర్చిపోతే డిష్‌వాషర్ నీళ్లు మొదటిరోజు నుంచే పోవు. మీది 11 ఏళ్లుగా బాగా నడిచింది కాబట్టి, మధ్యలో డిస్పోజర్ మార్చి ఉంటే తప్ప, ఈ సంగతి మీకు వర్తించదు.

బకెట్ పరీక్షలో మెషిన్ వైపే తప్పని తేలిందనుకుందాం, మీరు చెప్పిన లక్షణాలకి నాకు ఇదే ఎక్కువ అనిపిస్తోంది. మళ్లీ ప్లగ్ తీసెయ్యండి, ఇది మర్చిపోవద్దు. మిగిలిన నీళ్లని స్పాంజితో అద్ది అద్ది తీసెయ్యండి, కింది బుట్ట బయట పెట్టండి, ఫిల్టర్‌ని ఎడమకి తిప్పి లేపండి, దాని కిందున్న పల్చటి జాలీ రేకు కూడా తియ్యండి. ఇప్పుడు కనిపించే గుంట ఉంది చూడండి, దాన్నే సంప్ అంటారు, అందులో మందపాటి రబ్బరు గ్లవ్స్ లేకుండా చెయ్యి పెట్టొద్దు. పగిలిన గ్లాసు పెంకు నీళ్లలో అస్సలు కనపడదు, వేలు తెగాక గానీ తెలీదు.

సంప్ పక్కన గోడకి చిన్న ప్లాస్టిక్ మూత లాంటిది ఉంటుంది, అది పంపు మూత. కొన్నింట్లో చెంచా కాడతో ఎత్తితే ఊడొస్తుంది, కొన్నింటికి ఒక స్క్రూ ఉంటుంది. దాని వెనకాల వేలెడంత ఉండే చిన్న రెక్కల చక్రమే మొత్తం నీళ్లని బయటికి తోసేది, ఇంపెల్లర్ అంటారు. దాన్ని వేలితో తిప్పి చూడండి. నున్నగా గిర్రున తిరగదు, టక్, టక్ అని ఆగి ఆగి తిరుగుతుంది, పట్టేసింది అనుకుని భయపడకండి, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఆ కుదుపు ఉండాల్సిందే. అసలు కదలకపోతే ఏదో అడ్డం పడిందని లెక్క, గ్లాసు పెంకో, టూత్‌పిక్ ముక్కో, పండు గింజో, సీసా మీద లేబుల్ కాగితం నాని ఉండచుట్టుకుపోయిందో అయ్యుంటుంది, పట్టకారుతో లాగెయ్యండి. అలా కాకుండా ఏ కుదుపూ లేకుండా వట్టి బొంగరంలా తిరుగుతోందంటే మాత్రం రెక్కల చక్రం లోపలి ఇరుసు నుంచి ఊడిపోయినట్టు, అప్పుడు మోటర్ గుయ్‌మంటూనే ఉంటుంది, నీళ్లు మాత్రం కదలవు, ఆ కేసులో పంపు మార్చక తప్పదు.

ఫిల్టర్ కడిగితే రెండుసార్లు బాగుపడింది అన్నారు కాబట్టి నా అంచనా ఏంటంటే సంప్‌లో వదులుగా తిరుగుతున్న ముక్క ఒకటుంది, కదిలించినప్పుడు పక్కకి పోతోంది, రెండు వాష్‌లకి మళ్లీ వచ్చి రెక్కల్లో ఇరుక్కుంటోంది.

ఇంపెల్లర్ బాగానే ఉంటే తర్వాత చూడాల్సింది పంపు దాటాక ఉండే చిన్న రబ్బరు రేకు, బయటికి పోయిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ అది. పాతబడితే గట్టిపడిపోయి మూసుకునే అంటుకుపోతుంది, లేదా జిడ్డు పట్టి సగమే తెరుచుకుంటుంది. ఆ తర్వాత పైపు. మెషిన్‌ని గోడకి నెట్టినప్పుడు వెనక పైపు మడత పడటం చాలా మామూలు, నేల తుడవడానికని ముందుకి జరిపి మళ్లీ తోసిన రోజు నుంచే సమస్య మొదలైందేమో ఒకసారి గుర్తు చేసుకోండి. పైపు పూర్తిగా ఊడదీసి బాత్రూంలో వేడినీళ్లు పోస్తే ముడతల్లోంచి నల్లటి మడ్డి వస్తుంది, ఎంత వస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

మీది మరీ పాతకాలం డిజైన్ అయితే ఒక తిరకాసు ఉంది. కొన్ని పాత మోడళ్లలో నీళ్లు తోడటానికి వేరే పంపే ఉండదు, ఒకటే మోటర్ ఒక వైపు తిరిగితే గిన్నెలు కడుగుతుంది, రెండో వైపు తిరిగితే నీళ్లు బయటికి తోస్తుంది. ఇంకొన్నింట్లో కరెంటుతో తెరుచుకునే చిన్న తలుపు ఉంటుంది, అది తెరుచుకోకపోతే మోటర్ ఎంత తిరిగినా లాభం లేదు. గిన్నెలు బాగానే కడిగి నీళ్లు మాత్రం వదలకపోతే వీటిని అనుమానించాలి, ఇది మాత్రం కరెంటు పని తెలిసినవాళ్లకే వదిలెయ్యండి.

చివరికి పంపే మార్చాల్సి వచ్చినా పార్టు దొరకదన్న మాటని అలా నమ్మెయ్యకండి. వేర్వేరు బ్రాండ్ల మెషిన్లలో ఒకే తయారీదారు పంపులు వాడటం మామూలే. పాత పంపు ఊడదీస్తే దాని ఒంటి మీద స్టిక్కర్‌లో నంబరు, వోల్టేజీ, వాట్లు ఉంటాయి, మెషిన్ మోడల్ పేరుతో కాకుండా ఆ నంబరుతో వెతికించండి. మెకానిక్‌ని మళ్లీ పిలిస్తే మల్టీమీటర్‌తో కాయిల్ చూసి చెప్పమనండి, మీటర్ అసలు కదలకపోతే కాయిల్ తెగినట్టు, అప్పుడు పంపు పోయిందంటే ఒప్పుకోవచ్చు.

ప్రశ్న: రాత్రి మెషిన్ వాడకపోయినా పొద్దున్నకి అడుగున నీళ్లు చేరుతున్నాయి. ఎక్కడ్నుంచి వస్తున్నాయో అర్థం కావట్లేదు.

జవాబు: ఆ నీళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు మీరు. మురికిగా, సబ్బు వాసనతో ఉంటే సింకు నుంచి వెనక్కి వస్తున్నాయి, తేటగా ఉంటే లోపలికి నీళ్లు వదిలే ఇన్‌లెట్ వాల్వ్ పూర్తిగా మూసుకోక బొట్టుబొట్టుగా కారుతోంది. తేల్చుకోవడం తేలిక, లోపల పొడిగా తుడిచేసి సింకుకి బిరడా పెట్టి నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి, వెంటనే తలుపు తీసి చూస్తే మెషిన్‌లోకి నీళ్లు వచ్చాయా లేదా తెలిసిపోతుంది. వస్తే డ్రెయిన్ పైపుని సింకు కింద వీలైనంత పైకి, గట్టు అడుగుకి ఆనేలా ఎత్తి కట్టి అక్కడ్నుంచి కిందికి దింపి తగిలించండి, అలా వంపు తిరిగి ఉంటే సింకు నీళ్లు అంత ఎత్తు ఎక్కి రాలేవు. చాలా మెషిన్లకి పైపు ఎత్తు నేల నుంచి 40 సెంటీమీటర్ల నుంచి 100 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, ఇంకా పైకి పెడితే పంపు తొయ్యలేదు, మీ మెషిన్ పుస్తకంలో ఎంత రాసుందో అదే ఫైనల్. ఇన్‌లెట్ వాల్వ్ అయితే మార్చేదాకా వాడనప్పుడల్లా ట్యాప్ కట్టేసి ఉంచండి.

ప్రశ్న: డిస్‌ప్లే మీద ఈ24 అని వస్తోంది, పాత మెషినే. కోడ్ వస్తే బోర్డు పోయినట్టేనా?

జవాబు: కాదండి. బాష్ మెషిన్లలో ఈ24 అంటే నీళ్లు పోవట్లేదని, పైపు మూసుకుపోయిందో మడత పడిందో చూసుకోమని. ఈ25 అయితే పంపు అడ్డం పడిందని, లేదా పంపు మూత సరిగ్గా కూర్చోలేదని. ఫిల్టర్ కడిగినప్పుడు ఆ మూతని కదిపి టక్‌మనేలా నొక్కకుండా వదిలేస్తే ఈ25 వస్తుంది, సగం కంప్లైంట్లు ఇంత చిన్న విషయానికే అని నా అనుమానం. ఎల్‌జీలో ఇదే గోల ఓఈ అని చూపిస్తుంది. ఏ కోడ్ అయినా పైన చెప్పిన బకెట్ పరీక్షతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: సింకులో పోసే డ్రెయిన్ క్లీనర్ పొడి డిష్‌వాషర్ అడుగున వేస్తే అడ్డం కరిగిపోదా?

జవాబు: వద్దే వద్దు. గ్లాసు పెంకు దానికి కరగదు, రబ్బరు సీళ్లు మాత్రం దెబ్బతింటాయి, పైగా ఎవరో ఒకరు తర్వాత ఫిల్టర్ తీసినప్పుడు ఆ నీళ్లు మొహాన చిమ్ముతాయి. బ్లీచ్ కూడా వద్దు, స్టీల్ తొట్టికి మచ్చలు పడతాయి. జిడ్డు బాధ ఉంటే ఎప్పుడూ ఎకో ప్రోగ్రాంలోనే తిప్పకుండా అప్పుడప్పుడూ మెషిన్ ఖాళీగా పెట్టి డిష్‌వాషర్ క్లీనర్ వేసి 65, 70 డిగ్రీల ప్రోగ్రాం ఒకటి తిప్పండి, చాలు.

ప్రశ్న: ఫిల్టర్ తీస్తే కింద గుంటలో ఎప్పుడూ కొంచెం నీళ్లు ఉంటాయి, రోజూ గుడ్డతో ఒత్తి తీస్తున్నా. ఇది కూడా రిపేరేనా?

జవాబు: కాదు, ఆ కొంచెం నీళ్లు సీళ్లు ఎండిపోకుండా ఉండటానికి అక్కడే ఉండాలి, నీళ్లు ఫిల్టర్‌ని దాటి పైకి వస్తేనే కంగారు పడాలి. ఉప్పు పోసే డబ్బా మూత తీసినా లోపల నిండా నీళ్లే కనిపిస్తాయి, వాటినీ తోడకండి.