కీమో నడుస్తుండగా సూర్యనమస్కారాలు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 47. కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేశారు. చంకలో గ్రంథులు కూడా తీసేశారు. ఇప్పటికి రెండు కీమోలు అయ్యాయి. ఒళ్లంతా నీరసం, రాత్రిళ్లు నిద్ర లేదు. జబ్బుకు ముందు పదేళ్లుగా రోజూ పన్నెండు సూర్యనమస్కారాలు చేసేదాన్ని. మళ్లీ మొదలుపెట్టొచ్చా? యోగాతోనే తగ్గిపోతుంది, కీమో మానెయ్ అంటోంది మా వదిన.
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు మీ వదిన గారి మాట. ప్రేమతోనే అని ఉంటారు, కానీ దయచేసి కీమో మానకండి. యోగా కణితిని కరిగించదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలన చూడండి. జబ్బు వేరేచోటికి పాకని దశలోనే చికిత్స వదిలేసి, ప్రత్యామ్నాయ పద్ధతుల్నే నమ్ముకున్నవారిలో చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌లో అది ఐదు రెట్లు దాటింది.

యోగా పనికొచ్చేది చికిత్సను తట్టుకోవడానికి. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్, బెంగళూరులోని యోగా విశ్వవిద్యాలయం ఎస్-వ్యాస కలిసి రేడియేషన్ తీసుకుంటున్న 163 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఆరు వారాలు, వారానికి మూడుసార్లు యోగా చేసినవారికి, ఏమీ చేయనివారికంటే అలసట తగ్గింది. మామూలుగా ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారికీ తగ్గింది. కానీ రోజువారీ పనులు చేసుకునే ఓపిక యోగా చేసినవారిలోనే ఎక్కువ మెరుగైంది.

అయితే సూర్యనమస్కారాలు ఇప్పుడే వద్దు. వాటిలో కొన్ని భంగిమల్లో ఒంటి బరువు చాలావరకు చేతుల మీద పడుతుంది. గ్రంథులు తీసిన చెయ్యి వాచే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ చేతి మీద బరువు మోపడం సర్జన్‌గానీ ఫిజియోథెరపిస్ట్‌గానీ సరేనన్నాకే, అదీ కొంచెం కొంచెంగా. అలవాటున్న ఒళ్లే కదా అని పాత లెక్కతో మొదలుపెడతారేమోనని నా భయం. శీర్షాసనం, సర్వాంగాసనం, కపాలభాతి, భస్త్రికల జోలికి కూడా ఇప్పుడు పోకండి.

పగలు కుర్చీలో కూర్చుని పది నిమిషాలు మెడ, భుజాలు, మడమలు నెమ్మదిగా తిప్పండి. కుడి చెయ్యి నొప్పి లేనంత మేరకే పైకెత్తండి. నిద్రకు ముందు మోకాళ్ల కింద దిండు పెట్టుకుని శవాసనంలో ఉండి, ఊపిరి తీసుకున్న సమయం కంటే ఎక్కువసేపు నెమ్మదిగా వదలండి. భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదలడం) చేయడం ఇష్టమైతే అదీ మంచిదే. కీమో ఎక్కించాక రెండు మూడు రోజులు నీరసంగా ఉంటే ఈ శ్వాస ఒక్కటీ చాలు.

సాధారణంగా కీమో ఎక్కించాక ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు వరకు, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో యోగా క్లాసులకు, జనంలోకి వెళ్లకండి, ఇంట్లోనే చేసుకోండి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు 50 వేలకు తగ్గితే డాక్టర్‌ని అడిగేవరకు ఆసనాలు ఆపండి. పాదాలు తిమ్మిరిగా ఉంటే నిలబడి చేసేవన్నీ గోడ పట్టుకునే చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోవద్దు, మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లండి.

మీరు చేయాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మూడో కీమోకి వెళ్లినప్పుడు రక్తపరీక్ష రిపోర్టుతో పాటు మీ డాక్టర్‌కి చూపించండి. మీ వదిన గారినీ వెంట తీసుకెళ్లండి. ఆమె సందేహాలన్నీ అక్కడే అడగనివ్వండి.