నెమ్మది పాటకూ హుషారు పాటకూ మధ్య లాకు

చిరంజీవి మేనల్లుడికి,

అమలాపురం నుంచి మీ మావయ్య ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం.

నువ్వు ఫోనులో పంపిన 28 పాటల జాబితాను కాగితం మీదికి ఎక్కించుకుని రెండు రోజులుగా చూస్తున్నాను. కనుమ నాటి రాత్రి మీ బ్యాండు మొదటిసారి పూర్తి నిడివి కార్యక్రమం చేయబోతోందని తెలిసి మీ అత్తయ్య, నేను ఎంతో సంతోషించాము. పాటల ఎంపికలో నేను మార్చవలసినది దాదాపు ఏమీ లేదు. పాతవీ కొత్తవీ మంచి పాటలే ఏరుకున్నావు. తేడా అంతా వరుసలో ఉంది. ఒక నెమ్మది పాట, ఒక హుషారు పాట, మళ్లీ ఒక నెమ్మది పాట అంటూ పద్నాలుగూ పద్నాలుగూ జడ అల్లినట్టు అల్లావు. లెక్క సరిపోయింది కనుక సమతూకం కుదిరిందని నువ్వు అనుకుంటున్నావు. కానీ సమతూకం లెక్కలో ఉండదు, ఒక పాట ముగిసి ఇంకొకటి మొదలయ్యే అతుకులో ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా వేదికల మీద కీబోర్డు వాయించి, అంతకాలమూ మా ఆర్కెస్ట్రాకు పాటల వరుస రాసినవాడిగా నీకు చెప్పదలచుకున్నది ఇదే.

నీ వరుసలో జరిగేది ఏమిటో ప్రేక్షకుల వైపు నుంచి చూడు. హుషారు పాట మొదలైన వెంటనే ఎవరూ చప్పట్లు కలపరు. పల్లవి రెండోసారి వచ్చేసరికి ముందు వరుసలోని పిల్లలు, మొదటి చరణం అయ్యేసరికి వెనుక మోటారు సైకిళ్లకు ఆనుకుని నిలబడిన కుర్రాళ్లు, రెండో చరణంలో కుర్చీలలోని పెద్దవాళ్లు అందుకుంటారు. అందరూ కలిసిన ఆ క్షణానికి పాట అయిపోతుంది. అప్పుడు నువ్వు నెమ్మది పాట ఎత్తుకుంటే అందిన ఊపు చేజారిపోతుంది. ఆ నెమ్మది పాటలోకి వాళ్ల మనసు దిగేలోపు మళ్లీ డ్రమ్స్ మోగుతాయి. ఈ పద్ధతిలో రెండు రకాల పాటలూ నష్టపోతాయి. హుషారు పాటలు రెండేసి, ఒక్కోసారి మూడేసి జంటగా రావాలి. నెమ్మది పాటలు కూడా రెండు కలిసి రావచ్చు. అయితే ఆ రెండూ ఒకే గొంతులో, ఒకే రాగంలో ఉండకూడదు.

ఇక అతుకు సంగతి. చిన్నతనంలో మా నాన్నగారితో ధవళేశ్వరం వెళ్లినప్పుడు ఆయన నాకు కాలువ లాకులను చూపించి, పడవలు తిరిగిన రోజుల్లో అవి ఎలా పనిచేసేవో చెప్పారు. పై మట్టం నుంచి వచ్చిన పడవను ఒక్కసారిగా కింది నీటిలోకి వదిలితే మునిగిపోతుంది. అందుకని దానిని రెండు తలుపుల మధ్య గదిలో నిలిపి, పై తలుపులు మూసి, గదిలోని నీరు మెల్లగా దిగి కింది మట్టంతో సమానమైన తరువాతే కింది తలుపులు తీసేవారట. 1852 నాటికి ఆనకట్ట పూర్తయి, కాలువలు డెల్టా అంతటా పారిన తరువాత, ఎంతోకాలం ధాన్యమూ కొబ్బరీ ఈ లాకుల మీదుగానే ప్రయాణం చేశాయి. మా ఆర్కెస్ట్రాలో మధ్య రకం వేగం ఉన్న పాటలను ‘లాకు పాటలు’ అనేవాళ్లము. నిమిషానికి 60 నుంచి 80 దెబ్బల లోపు నడిచేది నెమ్మది పాట, 120 దాటినది హుషారు పాట అనుకుంటే, 90 నుంచి 110 మధ్య తేలికగా నడిచే యుగళగీతాలు, పల్లె పాటలు ఈ కోవలోకి వస్తాయి. నీ జాబితాలో ఇవి లేకపోలేదు. నువ్వే వాటిని బలవంతంగా చెరో వైపుకు నెట్టావు. నేను లెక్కపెడితే ఎనిమిదో తొమ్మిదో తేలాయి. ముందు వాటిని విడిగా రాసుకో. నీ కార్యక్రమాన్ని మోసేవి అవే.

వేగం అంకె ఒక్కటే చూసి పాటను ఏ గంపలో వెయ్యాలో తేల్చవద్దు. తిశ్ర నడకలో ఉన్న పాటకు దెబ్బలు నిమిషానికి 65 మాత్రమే ఉన్నా, ఒక్కో దెబ్బలో మూడేసి చొప్పున డోలక్ తిరుగుతుంటే చెవికి 195 వినిపిస్తాయి. అటువంటి పాటకు ఉయ్యాల ఊపు ఉంటుంది, జనం తలలు వాటంతట అవే ఊగుతాయి. అదే 65 చతురశ్రంలో, అంటే నాలుగు లెక్కన సాగే నడకలో, తబలా మీద ఠేకా (తాళపు మూల దరువు) విడివిడిగా పడుతుంటే నిట్టూర్పులాగా ఉంటుంది. నీ జాబితాలో అయిదో పాటను నెమ్మది పాటగా వేశావు. అది తిశ్రం, నిజానికి చక్కటి లాకు పాట.

నా అనుభవంలో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. ఎనభైల చివర, పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో వినాయక చవితి పందిట్లో వరుసగా నాలుగు హుషారు పాటలు వాయించాము. కుర్రాళ్లు వేదిక ముందుకు వచ్చి ఆడుతున్నారు. ఆ వెంటనే శివరంజని రాగంలో ఒక విషాద గీతం పెట్టాను, ఎందుకంటే కాగితం మీద తరువాతి వంతు దానిదే. మా గాయని ఆ పాటను రిహార్సల్స్‌లో పాడినప్పుడు మేమందరం వాయిద్యాలు ఆపి విన్నాము. ఆ రాత్రి మాత్రం పల్లవి అయ్యేలోపే ఈలలు మొదలయ్యాయి, డ్రమ్స్ వాయించే అతని చేతి వేడి తగ్గక పాట వేగం పెరిగింది, సంగతులు (స్వరాల మెలికలు) పలకడానికి చోటు లేక ఆమె మొదటి చరణంలోనే ఆగిపోయింది. వేదిక వెనుక తడికకు ముఖం తిప్పుకుని ఆమె ఏడవడం నేను చూశాను. తప్పు ఆమెది కాదు, ఊరివాళ్లదీ కాదు. వరుస రాసినది నేను.

పది రోజుల తరువాత మరో ఊళ్లో ఆమె చేత అదే పాట పాడించాను. ఈసారి రెండు హుషారు పాటల తరువాత ఒక లాకు పాట వాయించి, వ్యాఖ్యాతను మాట్లాడవద్దని చెప్పి, దీపాలు తగ్గించి, ఆమె శ్రుతిలోనే ఫ్లూటు మీద మోహన రాగంలో ఆలాపన మొదలుపెట్టించాను. మోహనకూ శివరంజనికీ స్వరాలలో తేడా ఒక్క గాంధారంలోనే ఉంది: మోహనలో అంతర గాంధారం (పై ‘గ’), శివరంజనిలో సాధారణ గాంధారం (దానికన్నా కొంచెం కింది ‘గ’). మా ఫ్లూటు విద్వాంసుడు అరనిమిషం పాటు మోహనలో హాయిగా తిరిగి, పంచమం మీద ఆగి, కిందికి వస్తూ గాంధారాన్ని మెల్లగా దించాడు. రాగాల పేర్లు తెలియని జనం కూడా ఆ ఒక్క స్వరం దగ్గర మాటలు ఆపేశారు. అప్పుడు ఆమె పాడింది. పాట అయిపోయాక ఒక పెద్దాయన వేదిక దాకా నడిచి వచ్చి, మళ్లీ ఒక్క చరణం వినిపించమని అడిగాడు. పాటా అదే, గొంతూ అదే. మారినది ముందున్న మూడు నిమిషాలు.

కాబట్టి హుషారులోంచి నెమ్మదికి దిగేటప్పుడు లాకు తప్పనిసరి. నెమ్మదిలోంచి హుషారుకు ఎక్కేటప్పుడు అంత అవసరం లేదు. నిశ్శబ్దంగా ఉన్న పందిట్లో పడే మొదటి డప్పు దెబ్బకు విలువ ఎక్కువ, ఆ అవకాశాన్ని మధ్య రకం పాటతో పాడుచేయవద్దు.

ఇప్పుడు మీ కార్యక్రమానికే వస్తాను. కనుమ నాడు ఆ చుట్టుపక్కల జనమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే ఊరూరి నుంచి ప్రభలను మోసుకొచ్చే జాతరకు, వెళ్లి వస్తారు. పగలంతా డప్పులు, బాణసంచా చెవుల్లో మోగి, చేలకు అడ్డంపడి నడిచి, కాళ్లు లాగుతూ వచ్చి కూర్చుంటారు. అలాంటివారి ముందు మొదటే నీ అతి పెద్ద హుషారు పాట వేస్తే అది ఆ రోజు విన్న చప్పుళ్లలో మరొకటి అవుతుంది, అంతే. వినాయకుడి ప్రార్థన తరువాత తిశ్రంలో ఒకటి, యుగళగీతం ఒకటి, ఘంటసాల గారి పాట ఒకటి వినిపించి, వాళ్లు కుదురుకున్నాక నాలుగైదు పాటల తరువాత మొదటి హుషారు జంట వెయ్యి. తీర్థం లేని మామూలు రోజైతే ఈ సలహా ఇవ్వను, రెండో పాటకే హుషారు ఎక్కించమంటాను. డిసెంబరు 4న ఘంటసాల జయంతికో ఫిబ్రవరి 11న వర్ధంతికో పాడవలసి వస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది: అక్కడికి వచ్చినవారు వినడానికే వస్తారు, మూడు నాలుగు నెమ్మది పాటలు వరుసగా పెట్టినా కదలరు.

పుష్యమాసపు మంచును లెక్కలోకి తీసుకున్నావా? మన కోనసీమలో రాత్రి ఎనిమిదిన్నర దాటితే కుర్చీల చేతులు కూడా తడిగా తగులుతాయి. ఆ చెమ్మకు తబలా, డోలక్ మూతలు వదులై శ్రుతి దిగుతుంది, చలికి ఫ్లూటు కూడా కిందికి జారుతుంది, కీబోర్డు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. హుషారు పాటలో రిథమ్ ప్యాడ్ ఈ తేడాను కప్పేస్తుంది, నెమ్మది పాటలో ప్రతి చెవికీ తెలుస్తుంది. అందుకని తబలా మీద నడిచే సున్నితమైన పాటలలో సగానికి పైగా మంచు పడకముందే ముగించు. తరువాత వచ్చేవాటికి ముందు, వ్యాఖ్యాత మాట్లాడుతున్నప్పుడు తబలా అబ్బాయి సుత్తితో గట్టాలు (తబలా చుట్టూ ఉండే చెక్క ముక్కలు) సరిచేసుకునేందుకు ఒక నిమిషం జాబితాలోనే రాసి ఉంచు.

గొంతు సంగతి కూడా చూసుకో. ఊపిరి సలపని హుషారు పాట పాడినవారి చేతే వెంటనే దీర్ఘమైన ఆలాపన ఉన్న పాట పాడించినట్టు రెండు చోట్ల కనిపించింది. ఆయాసపడుతున్న ఛాతీతో సన్నని స్వరం నిలబడదు. అక్కడ గొంతులు మార్చు.

సమయం లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 28 పాటలకు సగటున నాలుగున్నర నిమిషాల చొప్పున 126 నిమిషాలు, ఒక్కో పాటకు ముందు మాటలకు ఒకటిన్నర నిమిషం వేసినా మరో 42, మొత్తం 168. ఏడింటి నుంచి పది దాకా 180 నిమిషాలు ఉన్నాయని నువ్వు ధైర్యంగా ఉన్నావు. అయితే మన ఊళ్లలో ముందు పెద్దల ప్రసంగాలు, సన్మానాలు ఉంటాయి; నలభై నిమిషాలు వాటికి వదిలెయ్యి. మిగిలేది 140, అందులో పట్టేవి 23 పాటలు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది తరువాత బహిరంగ స్థలంలో మైకు మోగకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు గాని, ఆ అనుమతి కాగితం కమిటీవారు నీ చేతిలో పెడితే తప్ప దానిని నమ్మి వరుస రాయవద్దు. మంచి పాటలన్నీ చివరికి దాచుకుని, పది గంటలకు మైకు ఆపమంటే చేతులు కట్టుకుని నిలబడిన రాత్రులు నాకు ఉన్నాయి.

పాటలు తగ్గించవలసి వచ్చినప్పుడు అందరూ నెమ్మది పాటల మీదే పడతారు. నువ్వు ఆ పని చెయ్యవద్దు. 23 పాటలలో నెమ్మదివి ఏడు, లాకు పాటలు తొమ్మిది, హుషారువి ఏడు ఉండేలా చూడు. మొత్తం మీద అతి హుషారైన జంటను తొమ్మిదిన్నరకు పెట్టి, అటు తరువాత ఒక లాకు పాట, ఒక నెమ్మది పాట, చివరికి అందరికీ నోటికి వచ్చిన హుషారు పాట ఒకటి ఉంచు. ఆలస్యమైతే ఏ మూడు పాటలు తీసెయ్యాలో ముందే ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. అవి లాకు పాటలలోంచి, హుషారు పాటలలోంచి మాత్రమే ఉండాలి, అయితే దిగుడుకు ముందున్న లాకును తాకవద్దు.

ఫలానా పాట పాడమని చీటీలు వస్తాయి, నోటుతో పాటు మడిచి పంపుతారు. పంపినవారి పేరు మైకులో గౌరవంగా చదువు, కానీ పాటను దాని రకానికి తగిన చోటే పాడు. నెమ్మది పాట అడిగినవారికి “మరో రెండు పాటల తరువాత తప్పకుండా వినిపిస్తామండి” అని చెబితే మనవాళ్లు ఎవరూ నొచ్చుకోరు.

చివరిగా, డ్రమ్స్ వాయించే నీ స్నేహితుడికి ఒక మాట చెప్పు. హుషారు పాట తరువాత ఎంతటి అనుభవం ఉన్నవాడి చేయి అయినా 72 అనుకున్న పాటను 80లో ఎత్తుకుంటుంది. ఫోనులో మెట్రోనోమ్ పెట్టుకుని, నాలుగు దెబ్బలు చెవిలో విన్న తరువాతే కర్ర ఎత్తమను. జాబితాను మళ్లీ రాసి, ప్రతి పాట పక్కన శ్రుతి, నడక, వేగం, పాడేవారు ఎవరో వేసి భోగికి రెండు రోజుల ముందు నాకు అందేలా పంపించు. రిహార్సల్‌లో పాటలు మొత్తం పాడుకోనక్కరలేదు. ఒక పాట చివరి చరణం, తరువాతి పాట పల్లవి కలిపి, అతుకులు మాత్రమే ఒక సాయంత్రమంతా వాయించి చూడండి. వీలైతే ఆ సాయంత్రానికి నేను వస్తాను.

అక్కకూ బావగారికీ నా నమస్కారాలు.

ఇట్లు
మీ మావయ్య