నలుగురికీ ఏం చెప్పాలన్నదేనా మీ బెంగ?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీలో పీజీ చేసింది. స్త్రీల లైంగిక ఆరోగ్యం మీద ప్రశ్నావళులు తయారుచేసే పరిశోధనలో చేరతానంటోంది. మేం డేటా సైన్స్ కోర్సు చేయమంటున్నాం. ఏది మేలు? నలుగురూ అడిగితే ఏం చెప్పాలి? – ఒక తల్లి

అమ్మా, మీ అసలు టెన్షన్ ఆ చివరి ముక్కలోనే ఉంది. ఆరోగ్య పరిశోధన చేస్తోందని చెప్పండి. అది నిజమే కదా.

ప్రశ్నలు రాయడం కూడా ఒక చదువేనా అనుకోకండి. కలయికలో నొప్పి ఎంత, కోరిక ఎంత తగ్గింది అన్నవి రక్తపరీక్షలో తేలవు. ఆ స్త్రీ చెబితేనే తెలుస్తాయి. నోటితో చెప్పలేనిది చాలామంది కాగితం మీద టిక్ పెట్టి చెప్పగలరు. 2000లో వచ్చిన ఎఫ్ఎస్ఎఫ్ఐ (ఫిమేల్ సెక్సువల్ ఫంక్షన్ ఇండెక్స్) అనే ప్రశ్నావళిలో ఉన్నవి 19 ప్రశ్నలే. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, సంతృప్తి, నొప్పి గురించి గత 4 వారాల అనుభవం అడుగుతుంది. గరిష్ఠ స్కోరు 36. 26.55 గానీ అంతకు తక్కువ గానీ వస్తే సమస్య ఉండొచ్చని 2005లో తేల్చారు. కానీ ఆ నెలలో కలయికే లేని స్త్రీకి చాలా ప్రశ్నల్లో సున్నా పడుతుంది. భాగస్వామి దూరంగా ఉంటే అది జబ్బా? స్కోరు తగ్గినా ఆమెకు బాధే లేకపోతే? ఇలాంటి చిక్కులు విప్పడమే మీ అమ్మాయి చేయబోయే పని.

ముందు స్త్రీలతో మాట్లాడి వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాయాలి. 'ఇది చదివితే మీకేం అర్థమైంది?' అని ఒక్కొక్కరినీ అడగాలి. తర్వాత వందలమందితో నింపించి ఫ్యాక్టర్ అనాలిసిస్ చేయాలి, అంటే ఏ ప్రశ్నలు కలిసి ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లెక్కగట్టాలి. కొన్నాళ్లకు మళ్లీ నింపిస్తే జవాబులు నిలుస్తున్నాయా, సమస్య ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ స్కోరు వేరు చేస్తోందా అన్నది చూడాలి. కొలబద్దే తప్పయితే, మందు పనిచేసిందా లేదా అని దానితో వేసిన లెక్కలన్నీ తప్పే.

డేటా సైన్స్ చెడ్డదని అనను. కానీ అందరూ చేరుతున్నారని చేరి, టూల్స్ నేర్చుకుని, వాటితో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో తెలియక నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అమ్మాయి దగ్గర ప్రశ్న ఉంది. స్టాటిస్టిక్స్ ఎలాగూ నేర్చుకోక తప్పదు, రేపు డేటా ఉద్యోగానికీ అదే పనికొస్తుంది. మొదట్లో జీతం మాత్రం తక్కువే ఉండొచ్చు.

కాస్త గట్టిగానే అడుగుతున్నాను, ఏమనుకోకండి. మీకే ఇలాంటి ఇబ్బంది వస్తే డాక్టరు ముందు నోరు విప్పగలరా? విప్పలేనివాళ్ల కోసమే మీ అమ్మాయి పనిచేస్తానంటోంది. ఆమెను సిగ్గుపడేలా చేయకండి.

ఆ బృందంలో గైనకాలజిస్టు, స్టాటిస్టిక్స్ తెలిసినవారు ఉన్నారా, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుంటారా అని ఆమెతో కలిసి కనుక్కోండి. లేదంటే వేరే గైడ్‌ను వెతకమనండి.